బొమ్మ ఎవరిది?

బిడ్డలు పుట్టిన పిమ్మటనే మనుష్యునకు తన బొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఉద్యోగము, ఇల్లు, అప్పు అను చింతలలో అంతవరకు మరుగుపడియున్న బొంగరము, లక్కపిడత, తాటిబుర్రల బండి, బిడ్డ నేలపై ప్రాకనారంభించిన దినమున ఒక్కసారిగా కన్నుల యెదుట నిలుచును. అవి తన కెంత ప్రియమైనవో అప్పుడు తెలియును. వెంటనే, అట్టివి తన బిడ్డకును ఉండవలెనను కోరిక పుట్టును. ఈ కోరిక సహజము. కాని సహజమైనదంతయు ధర్మమగునా అనునది విచారింపదగినది. మనము ప్రేమించిన దానిని మన బిడ్డలును ప్రేమింపవలెనని కోరుటకు మనకు అధికారమున్నదా? ఉన్నచో ఎంతవరకు?

స్వస్థలమున నున్నవారికి ఈ ప్రశ్న అంత తీవ్రముగ తోచదు. తండ్రి ఆడిన వీథిలోనే కొడుకును ఆడును. బొమ్మ మారినను వీథి మారదు. బెంగళూరులో స్థిరపడిన మనబోటి కుటుంబముల సంగతి వేరు. మడివాళనే చూడుడు. సాయంకాలమైనచో తెలుగుసీమకు పోవు బస్సులు ఇచ్చట బారులు తీరి నిలుచును. పండుగకు ఊరు పోయి వచ్చువారు ఆవకాయతోను, అరిసెలతోను పాటు ఒక కొండపల్లి బొమ్మనో, ఏటికొప్పాక లక్కపిడతలనో తెచ్చుచుందురు. ఆ బొమ్మ ఇల్లు చేరినంతనే అద్దాల బీరువాలో చేరును. “ముట్టకురా, విరిగిపోవును” అను మాట దానికి కావలి. బిడ్డ దానిని చూచునే గాని దానితో ఆడుకొనడు. ఆడుకొనుటకు అంగడిలో కొన్న ప్లాస్టిక్ కారు ఉండనే యున్నది. ఈ విధముగ బొమ్మ ఆటవస్తువు కాక, మనము తెలుగువారమనుటకు ఒక సాక్ష్యపత్రమైనది.

బొమ్మ యనగా నేమి? హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములలో చిన్న చిన్న మట్టిబండ్లు, మట్టి ఈలలు దొరికినవి. అవి 4000 ఏండ్లకు పైబడినవి. ఆ నాగరకుల లిపిని పండితులు నేటికిని నిస్సంశయముగ చదువలేకున్నారు; కాని ఆ బండి ఎందుకో మూడేండ్ల బిడ్డకైనను తెలియును. బొమ్మ భాష అంత తేలికైనది. దానికి కారణము, బొమ్మ ఎల్లప్పుడును అసంపూర్ణముగ నుండుటయే. రెండు తాటిబుర్రలకు నడుమ ఒక పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోసికొని పోయినచో అది బండి కాదు. దానికి ఎద్దులు లేవు, కాడి లేదు. తోలు పిల్లవాడే ఎద్దు; వాని నోరే చక్రముల చప్పుడు. కొరవడిన దంతయు వాడే పూరించును. ఆ పూరించుటకే ఆట యని పేరు.

పెద్దవారి జ్ఞాపకము దీనికి విరుద్ధమైన పని చేయును. అది బొమ్మను సంపూర్ణము చేసి, ఇక దానికి చేర్చవలసిన దేమియు లేదని తీర్మానించును. మన మిప్పుడు తలచుకొని మురిసిపోవునది కఱ్ఱను గాని, లక్కను గాని కాదు. ఆ వేసవి మధ్యాహ్నములను, అమ్మమ్మగారి అరుగును, తోడాడిన అక్కను మనము తలచుచున్నాము. అవి బస్సులో వచ్చునవి కావు. వానికి బదులుగ బొమ్మ వచ్చుచున్నది.

శూద్రకుని ‘మృచ్ఛకటికము’నకు ఆ పేరు ఒక బొమ్మ వలననే వచ్చినది. చారుదత్తుని కుమారుడైన రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడుకొనెను. దానిని వారు తీసికొనిపోగా, దాసి రదనిక మట్టితో ఒక బండిని చేసి యిచ్చెను. బాలుడు మట్టిబండి వలదని యేడ్చెను. వసంతసేన జాలిపడి, తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి, బంగారు బండి చేయించుకొమ్మనెను. ఆమె వాత్సల్యమున కల్ల లేదు. కాని ఆ నగలే తరువాత న్యాయసభలో చారుదత్తునకు ప్రతికూల సాక్ష్యములైనవి. ఈ కథలో తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక యున్నదని మా తలంపు. బొమ్మలో పెద్దలు నింపు బరువు బొమ్మ మోయదగినది కాదు. వసంతసేన బంగారమును నింపెను. మనము విడిచివచ్చిన ఊరిని, భాషను, గతించిన పెద్దలను, తీరని బెంగను నింపుచున్నాము. అంత బరువు గల బొమ్మను బిడ్డ ఎత్తలేక ప్రక్కన పెట్టినచో, “వీనికి మన వస్తువులపై ప్రేమ లేదు” అని నొచ్చుకొనుచున్నాము.

అట్లయిన బొమ్మ ఏదైనను ఒక్కటియేనా, కఱ్ఱబొమ్మను విడిచి ప్లాస్టిక్ కారుతోనే తృప్తిపడవలెనా అని కొందరు ప్రశ్నింపవచ్చును. కాదు. బొమ్మ వెనుక చేతులున్నవి, చెట్టున్నది. అవి తెలిసికొనదగినవి. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కను దానికి ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. పిదప మొగలి ఆకుతో రుద్ది మెఱుగు పెట్టుదురు. మన బెంగళూరునకు మైసూరు దారిలో సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న చన్నపట్నలోను ఇదే పని జరుగుచున్నది. అచ్చటివారు ఆ కఱ్ఱను ‘ఆలె’ యందురు. చెట్టు ఒక్కటే, పేర్లు రెండు. ఇక కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అవయవములు అతికించు శిల్పులు తమ పూర్వులు రాజస్థానము నుండి వచ్చినవారని చెప్పుకొందురు. మనము ‘అచ్చముగ మనది’ అని బీరువాలో దాచుకొన్న బొమ్మయు, ఒకప్పుడు మనవలెనే పరస్థలము నుండి వచ్చి స్థిరపడిన చేతుల పనియే.

2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఏటికొప్పాక బొమ్మలు ఢిల్లీలో ఊరేగినవి. అది సంతోషింపదగిన విషయము. కాని బొమ్మకు గౌరవము వేరు, జీవనము వేరు. శకట మెక్కిన దినమున దానికి గౌరవము; ఒక బిడ్డ దానిని నేలపై దొర్లించిన దినమున దానికి జీవనము.

భాషకును ఇదియే న్యాయము. మనము బొంగరమన్న దానిని మన బిడ్డ తోడిపిల్లలతో ‘బుగురి’ యనును. వామనగుంటల పలకను ‘అళగుళి మణె’ యనును. అది విని కలవరపడి, వానిని దిద్దబోవుదుము. మడివాళ యను పేరే కన్నడము. ఇచ్చటి సోమేశ్వరాలయపు గోడలపై చోళుల నాటి తమిళ శాసనములున్నవి. సంతలో చెవిని బడు మాటలలో తెలుగు పాలు తక్కువ కాదు. ఇట్టి చోట పెరుగు బిడ్డకు ఒక వస్తువునకు రెండు పేర్లు తెలియుట సంపదయే గాని నష్టము కాదు. ‘బొంగరము’ అను మాట వానికి నిలువవలెనన్నచో, దానిని పాఠముగ అప్పగింపరాదు. నేలపై కూర్చుండి, త్రాడు చుట్టుచు, ఆటలో పలుకవలెను. బీరువాలో బొమ్మ నిలువవచ్చును గాని భాష నిలువదు.

మన జ్ఞాపకమును బిడ్డకు చెప్పునపుడు సగము చెప్పుట మరియొక దోషము. మనము ఆడిన అరుగు మధురమైనదే. కాని ఆ అరుగు ఎక్కరాదని దూరముగ నిలువబెట్టబడిన పిల్లలును ఆ ఊరిలోనే యుండిరి. లక్కపిడతలు ఆడపిల్లలకు, బొంగరము మగపిల్లలకు అని బొమ్మలతోడనే బ్రతుకులను పంచియిచ్చిన కాలమది. ఆ మాధుర్యముతో పాటు ఈ మాటయు బిడ్డ వినవలెను. అప్పుడు గాని వాడు మన బాల్యమును గౌరవింపజాలడు. వట్టి పొగడ్తను పిల్లలు నమ్మరు. ఈనాడు ఇంటిలో కొడుకు లక్కపిడతలలో ఉత్తుత్తి అన్నము వండి చెల్లెలికి వడ్డించినచో, ఆ బొమ్మ మన ఊరిలో చేయలేని పనిని ఇచ్చట చేసినదని సంతోషింపవలెను.

మరియు వానికి తన బాల్యము తన కున్నది. కార్తికమాసపు కడపటి సోమవారమున బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగును. వేరుసెనగ రాసుల నడుమ, జనసమ్మర్దములో, తండ్రి భుజముపై కూర్చుండి కొనిపించుకొన్న ఈలయే వానికి రేపటి జ్ఞాపకము. వాడు ఏ దేశమున నున్నను, తండ్రియైన నాడు వానికి కన్నుల యెదుట నిలుచునది అదియే. దానిని మన బండితో సరిపోల్చి తక్కువ చేయుటకు మన కేమి హక్కున్నది?

కావున మొదటి ప్రశ్నకు మా సమాధాన మిది: ఇచ్చుటకు మనకు అధికారమున్నది, ప్రేమింపుమని శాసించుటకు లేదు. ఇచ్చిన పిదప విరుగుటకు ఒప్పుకొనవలెను. కృతజ్ఞతను కోరరాదు. బొమ్మతో పాటు ఇయ్యదగినది మరియొకటి యున్నది. అది మన కాలము. మన పెద్దలు మనకు ఇచ్చినవానిలో బొమ్మకంటె విలువైనది, ఎవరును పిలువక విడిచిపెట్టిన ఆ మధ్యాహ్నమే. దానిని మన బిడ్డలకు మనము ఎంత యిచ్చుచున్నామో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను.

కోస్తాజిల్లాలలో సంక్రాంతికి పెట్టు బొమ్మలకొలువును, ఈ సీమ ఆచారము ననుసరించి మనలో ననేకులు దసరాకే పెట్టుచున్నారు. మెట్లపై దేవతలు, రాజదంపతులు, దశావతారములు పెద్దల ఇష్టప్రకారము నిలుతురు. మెట్ల క్రింద నేల మాత్రము పిల్లలది. అచ్చట వారు మెంతులు మొలిపించి పొలము చేయుదురు, అద్దముతో చెరువు చేయుదురు, ఇసుకతో బాట వేయుదురు. ఆ బాటపై కొండపల్లి ఎడ్లబండి ప్రక్కన ప్లాస్టిక్ కారు నిలిచినను, దాని వెనుక చన్నపట్న గుఱ్ఱము వచ్చినను పెద్దలు చేయి పెట్టి సర్దకుందురు గాక. ఈ యేడు బీరువా తాళము తీసి, ఒక బొమ్మనైనను మెట్టుపై గాక ఆ నేలపై ఉంచుదము.