ఏరు దాటించినవాడు

ఒక ఊరి పక్కన పెద్ద ఏరు. అవతలి ఒడ్డుకు వెళ్లినవాళ్లు తిరిగి రారు. ఒకప్పుడు దాటబోయి దొరికినవాళ్లకు కూడా దండన వేసేవారు. తర్వాత జాలిపడి ఆ కట్టుబాటు ఎత్తేశారు. ఇంకొకరిని పడవలో దాటించినవాడికి మాత్రం 14 ఏళ్లు చెర. "లేకపోతే పొలం కోసం ముసలివాళ్లను పడవెక్కించే కొడుకులు బయల్దేరతారు" అన్నారు పెద్దలు. అదీ నిజమే.

ఆ ఊళ్లో ఒకావిడకు కాళ్లూ చేతులూ మెల్లగా పడిపోయే జబ్బు. రచ్చబండ దగ్గరికొచ్చి అడిగింది: "ఎప్పటికైనా నేను ఓర్చుకోలేకపోతే మా ఆయన దాటిస్తానన్నాడు. ఆయన్ని చెరలో వేస్తారా?"

"జరిగాక చూద్దాంలేమ్మా. ఇంతవరకూ ఎవరినీ వెయ్యలేదుగా!"

"జరిగాక మీరు చెప్పేది వినడానికి నేనుండను కదయ్యా. ఆయన గతేమిటో తెలియకుండా ఆయన్ని పడవెక్కించలేను. అలాంటప్పుడు చేతుల్లో సత్తువుండగానే, ఇప్పుడే, నా తెడ్డు నేనే వేసుకుపోవాలి. ముందే చెబితే ఇంకొన్నేళ్లు ఇక్కడే ఉంటాను."

జనాన్ని ఈ ఒడ్డునే ఉంచాలని పెట్టిన కట్టుబాటు ఆమెను తొందరపెడుతోందని పెద్దలకు అంతవరకూ తట్టలేదు. కట్టుబాటు తియ్యలేదు గానీ, దాటించినవాణ్ణి ఎప్పుడు పట్టుకుంటారో, ఎప్పుడు వదిలేస్తారో అందరికీ తెలిసేలా రాయించారు.

నీతి: ఎవరిని శిక్షిస్తుందో ముందుగా చెప్పని చట్టం, ప్రాణం కాపాడాలని పుట్టినదైనా, ప్రాణాన్ని తొందరపెడుతుంది.

ఈ కథ వెనకున్న అసలు సంగతి ఇంగ్లండ్‌ది. అక్కడ 1961 చట్టం ఆత్మహత్య నేరం కాదంది, దానికి సాయపడటాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. మోటార్ న్యూరాన్ జబ్బున్న డయాన్ ప్రెట్టీ తన భర్తపై కేసు పెట్టబోమన్న హామీ కోరితే, 2002లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కుదరదంది. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదంది. అయితే వ్యక్తిగత జీవితాన్ని గౌరవించాలనే, మానవ హక్కుల ఒప్పందంలోని ఎనిమిదో అధికరణాన్ని ఈ నిషేధం తాకదని మాత్రం అనలేకపోయింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న డెబీ పర్డీ పట్టుకున్నది ఆ మాటనే. అలాంటి సాయాన్ని అనుమతించే స్విట్జర్లాండ్‌కు భర్త తోడొస్తే ఏమవుతుందో ముందే చెప్పమన్నారు. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ఆమె కోరిక న్యాయమేనన్నారు. 2010లో ప్రాసిక్యూషన్ల అధిపతి మార్గదర్శకాలు ప్రచురించారు: నిర్ణయం చనిపోయినవారి సొంతమేనా, తోడొచ్చినవాడిది జాలా, లాభాపేక్షా?

పర్డీ స్విట్జర్లాండ్ వెళ్లలేదు. 2014 డిసెంబరులో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఒక హాస్పిస్‌లో కన్నుమూశారు.