ఫాంటమ్‌ను కాపాడిందెవరు?

కిందటి నెల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మధ్యాహ్నం అన్నాలు తింటూ కూర్చున్నాం. ఫోన్‌లో సూపర్‌హీరో కార్టూన్ పెట్టకపోతే కొడుకు ముద్ద మింగడం లేదని మాలో ఒక టీచరమ్మ బాధ. "ఎంతసేపూ ఆ మేడలు, ఆ కార్లు. అడవిలో ఉండే హీరో ఒక్కడూ లేడా?" అన్నారెవరో. "ఎందుకు లేడు, ఫాంటమ్ లేడా?" అని ఇంకొకరు అందుకున్నారు. అక్కడున్న నలుగురం ఆదివాసీ టీచర్లం. ఫాంటమ్ మీద ఇప్పుడు కొత్తగా ఒక యానిమేషన్ సీరియల్ తీస్తే అది ఎట్లా ఉండాలో మాట్లాడుకుంటూ పోయాం. మాట ముదిరే కొద్దీ బొమ్మల సంగతి వెనక్కి పోయింది. ఒకడు పది మందిని కాపాడటం అంటే ఏమిటి, ఆ పది మందికి అందులో మాట ఉంటుందా ఉండదా అన్నది ముందుకొచ్చింది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాం.

తెలియని చిన్నవాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఫాంటమ్ 1936 ఫిబ్రవరి 17న అమెరికా పత్రికల్లో పుట్టాడు. కథ లీ ఫాక్‌ది, మొదట బొమ్మలు వేసింది రే మూర్. ఒంటికి అతుక్కున్న దుస్తులు, కళ్లకు ముసుగు, నడుముకు రెండు పిస్తోళ్లు. సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్లు ముందే వచ్చిన వేషం ఇది. కాని ఇతనికి ఎగరడం రాదు. తూటా తగిలితే రక్తం కారుతుంది. ఇతని బలమంతా ఒక నమ్మకం మీద ఉంది. ఫాంటమ్‌కు చావు లేదని లోకం నమ్ముతుంది. నిజానికి తండ్రి పోతే కొడుకు, ఆ కొడుకు పోతే వాడి కొడుకు అదే ముసుగు తొడుక్కుంటూ 21వ తరం దాకా వచ్చారు. మన దేశంలో 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ ఇతన్ని ఊరూరికీ చేర్చింది. హిందీ పిల్లలకు ఇతను వేతాళుడు. 1990లో ఆ పుస్తకాలు ఆగిపోయాయి.

మేం హాస్టల్లో ఉన్నప్పుడు అట్టలు చిరిగిన ఆ పుస్తకాలు చేతులు మారుతుండేవి. అక్షరాలు అందకపోయినా బొమ్మలు అందేవి. పుర్రె ఆకారంలో గుహ, పుర్రెల సింహాసనం, డెవిల్ అనే తోడేలు, హీరో అనే తెల్ల గుర్రం, గుద్దితే దవడ మీద పుర్రె ముద్ర పడే ఉంగరం. సాయంత్రం బడి వెనక ఫాంటమ్ ఆట ఆడేవాళ్లం. అందరికంటే బలమున్నవాడు ఫాంటమ్. వాడి తమ్ముడో దోస్తో గుర్రం. గుర్రం కావడానికైనా పోటీ ఉండేది గాని, గుహ బయట విల్లంబులు పట్టుకుని నిలబడే బండార్లు కావడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. ఓడిపోయినవాళ్లు బండార్లు. ఇంటి దగ్గర నిజంగా విల్లు పట్టిన పిల్లలం, బొమ్మలో విల్లు పట్టినవాడిగా నిలబడటానికి సిగ్గుపడ్డాం. అప్పుడు అది సిగ్గు అని కూడా తెలియదు. ఇన్నేళ్ల తర్వాత అన్నాల దగ్గర కూర్చుని చెప్పుకుంటే నలుగురి అనుభవం ఒక్కటేనని తేలింది. వేర్వేరు హాస్టళ్లు, ఒకటే ఆట.

కథ మొదలు చూడండి. 1536లో సముద్రపు దొంగలు ఒక ఓడ మీద పడి అందరినీ చంపేశారు. ఒక్క యువకుడు కొన ఊపిరితో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అతన్ని చూసింది బండార్లు. ఎత్తుకెళ్లింది, తిండి పెట్టింది, గాయాలు మాన్పింది వాళ్లే. ఆ తర్వాత అతను తన తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యి పెట్టి, దోపిడీ మీదా అన్యాయం మీదా తానూ తన సంతతీ పోరాడతామని ప్రమాణం చేశాడు. పుస్తకాల్లో ప్రమాణం పెద్ద బొమ్మ. ప్రాణం నిలబెట్టిన సంగతి ఒక చిన్న గడిలో అయిపోతుంది.

అక్కడి నుంచి నాలుగు వందల ఏళ్లు ఆ రహస్యం ఎవరి దగ్గర ఉంది? బండార్ల దగ్గరే. ఫాంటమ్ చనిపోతాడని వాళ్లకు తెలుసు. ఒకడు పోయి ఇంకొకడు రావడం వాళ్లు కళ్లారా చూశారు. గుహ లోపల వరసగా ఉన్న సమాధులు వాళ్లకు తెలుసు. ఎన్ని తరాల పిల్లలు, ఎన్ని తరాల ముసలివాళ్లు! ఒక్క నోరు జారితే ఫాంటమ్ మామూలు మనిషైపోతాడు, మర్నాడే ఎవడో తూటా దించుతాడు. ఒక్క నోరూ జారలేదు. ఆ దట్టమైన అడవిలోకి బయటివాళ్లు అడుగు పెట్టకుండా ఆపేది కూడా ఫాంటమ్ పిస్తోళ్లు కావు, బండార్ల విషపు బాణాలు. అతను గుహలో నిద్రపోతున్నాడంటే బయట వాళ్లు మేలుకుని ఉన్నారు. ఇన్ని పుస్తకాలు తిరగేసిన మాకు ఈ చిన్న లెక్క ఎందుకు తట్టలేదో!

ఇదివరకు ఫాంటమ్ బొమ్మల సీరియళ్లు రాలేదా అంటే వచ్చాయి. 1986లో వచ్చిన డిఫెండర్స్ ఆఫ్ ది ఎర్త్‌లో అతను ఫ్లాష్ గోర్డన్, మాండ్రేక్‌లతో కలిసి వేరే గ్రహం నుంచి వచ్చిన దుర్మార్గుడితో పోరాడతాడు. 1994లో మొదలైన ఫాంటమ్ 2040లో ఒక మహానగరంలో 24వ ఫాంటమ్ కథ నడుస్తుంది. రెండోది మంచి సీరియల్, పర్యావరణం గురించి ఆలోచించిన సీరియల్. కాని రెండింటిలోనూ కథ అడవి దాటి వెళ్లిపోయింది. హీరోని ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు, అతని చుట్టూ ఉన్న జనాన్ని మాత్రం దారిలో వదిలేయవచ్చు అనుకున్నట్టుంది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఫాక్ కథలో సముద్రపు దొంగలు సింగ్ ముఠా, దేశం పేరు బెంగల్లా. మన పాఠకుల మనసు నొచ్చుకుంటుందని ఇంద్రజాల్ వాళ్లు సింగ్‌ను సింగా చేశారు, బెంగల్లాను డెంకాలీ చేశారు. మంచిదే. మరి 'బండార్' అన్న మాట అట్లాగే ఉండిపోయింది. అది హిందీలో కోతి అన్న మాటకు అచ్చంగా పక్కనే ఉంది. అడవి మనుషుల్ని కోతులని పిలిస్తే నొచ్చుకునే పాఠకుడు ఒకడు ఉంటాడని ఎవరికీ అనిపించలేదు. సంతలో ఆ మాట పడినవాళ్లకు ఇది పెద్ద విషయం. మా సీరియల్లో మొదట మార్చాల్సింది ఇదే. వాళ్ల భాషలో వాళ్లు తమను ఏమని పిలుచుకుంటారో ఆ పేరు పెట్టాలి.

సరే, మా సీరియల్.

మొదటి భాగంలో సింహాసనం ఉండదు, ముసుగు ఉండదు. సముద్రపు ఒడ్డు. చేపలకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు ఇసుకలో ఒక మనిషి కనిపిస్తాడు. ఆ రాత్రి ఊరంతా కూర్చుంటుంది. అతన్ని ఉంచుకోవాలా వద్దా? కొత్తవాడి వెనక ఇంకెందరు వస్తారో? ఆకలిగా ఉన్నవాడికి పెట్టాక ప్రశ్నలు అడుగుదాం అని ఒక ముసలమ్మ అంటుంది. మొదటి భాగం మొత్తం ఆ కూటమే. చూసే పిల్లలకు విసుగు వస్తుందని మాలో ఒకరు అన్నారు. గూడెం పంచాయితీలో పెద్దవాళ్ల మాటలు వినడానికి నిద్ర ఆపుకుని కూర్చున్న పిల్లలం మేమే కదా అని మిగతావాళ్లం అన్నాం.

రెండోది భాష. పుస్తకాల్లో ఫాంటమ్ బాల్యమిత్రుడు, బండార్ల నాయకుడు గురాన్ చాలాసార్లు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. వినేవాడికి అతని బుద్ధే అంత అనిపిస్తుంది. ఇది మాకు రోజూ ఎదురయ్యే సంగతి. ఇంట్లో కోయ భాషలో పిట్ట పేరు, చెట్టు పేరు, వాగు మలుపు పేరు గడగడా చెప్పే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు నోరు మూసుకుంటుంది. 'మందమతి' అని ఆ పిల్ల గురించి ఎవరో ఒకరు అనేస్తారు. మా సీరియల్లో గురాన్ తన భాషలో నిండుగా మాట్లాడతాడు, వేళాకోళం ఆడతాడు, అలుగుతాడు. తడబడేది ఫాంటమ్. 21 తరాలైనా కొన్ని మాటలు అతనికి సరిగా పలకవు, పిల్లలు వెనక నవ్వుకుంటారు. అతను కూడా నవ్వుతాడు. ఆ నవ్వు ఉంటే అతని మీద మాకు ప్రేమ పుడుతుంది.

మూడోది మా అందరికీ బాగా నచ్చిన భాగం. ఒక ఫాంటమ్ చనిపోయాడు. కొడుకు దూరదేశంలో చదువుకుంటున్నాడు, కబురు అంది అతను తిరిగి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఆ నెలలు అడవిని ఎవరు కాపాడారు? ఫాంటమ్ లేడన్న సంగతి ఎవరికీ తెలియకూడదు. డప్పులు మామూలుగానే మోగాలి. అతని గుర్రాన్ని రాత్రిళ్లు ఎవరో కొండ మీద నడిపించాలి. దొంగల గుంపు ఒకటి అనుమానంతో అడవి అంచుకు వస్తుంది. బండార్లే చూసుకుంటారు. కొడుకు వచ్చి సింహాసనం మీద కూర్చుని, నేను లేనప్పుడు ఏం జరిగింది అని అడుగుతాడు. గురాన్ తాత "ఏమీ జరగలేదు" అంటాడు. ఏమీ జరగకుండా ఉండటానికి ఎంత పని జరిగిందో చూసినవాళ్లకు తెలుస్తుంది.

బొమ్మలు ఎట్లా ఉండాలి? మా కోయల్లో డోలి వాళ్లు ఇలవేల్పు పడిగె విప్పి, ఆ మూడు మూలల గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ కథ చెప్తారు. గుడ్డ మీద ఒక్కడి కథ ఉండదు, ఒక గట్టు మొత్తం ఉంటుంది. ఆ పద్ధతిని ఎవరైనా తెలివిగలవాళ్లు పట్టుకుంటే బాగుంటుంది. రంగు గురించి మాకు పట్టింపు లేదు. స్వీడన్‌లో ఫాంటమ్ నీలం, ఇటలీలో ఎరుపు, అమెరికాలో ఊదా. ఎవరి అచ్చాఫీసు రంగు వాళ్లది.

ఇక్కడ ఒక వాదన వచ్చింది. ఇంత ఎందుకు, ఫాంటమ్‌ను తీసేసి ఒక బండార్ యువకుడికే ఆ ముసుగు తొడిగితే పోదా? మొదట బాగానే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అందులో మారింది మనిషే, కుర్చీ మారలేదు. మనవాడు కుర్చీ ఎక్కితే మన అర్జీ కదులుతుందని ఎన్నిసార్లు అనుకోలేదు! అడగడానికి వీల్లేని చోట ఎవరు కూర్చున్నా, కింద నిలబడ్డవాళ్ల మెడలు పైకి ఎత్తి ఉండాల్సిందే. పైగా ఫాంటమ్ చెడ్డవాడు కాదు. ప్రాణానికి తెగించి జనం కోసం నిలబడ్డాడు, అతన్ని అవమానించి మాకు వచ్చేదేం లేదు.

రక్షణ అక్కర్లేదని కూడా మేం అనడం లేదు. 1/70 చట్టం లేకపోతే మా భూముల్లో ఇంకెంత పోయేదో మాకు తెలుసు. కాని చట్టాన్ని అడగవచ్చు, కాగితం చూపించి నిలదీయవచ్చు. 1996 పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది, 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. ఆ మాటను ఎంత నిలబెట్టుకున్నారన్నది వేరే వ్యాసం. కనీసం అడిగే చోటు ఒకటి ఉంది. పుర్రె గుహలో అట్లాంటి చోటు ఏది? అతని ఖజానాలో నగలు, బంగారం, అలెగ్జాండర్ వజ్రపు గిన్నె ఉన్నాయని కథల్లో చెప్తారు. వాటిని ఎప్పుడు, ఎవరి కోసం తియ్యాలో గుహ బయట ఉన్నవాళ్లను ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా?

మన దగ్గరి చరిత్రలోనూ ఈ చిన్న గడి, పెద్ద బొమ్మ సమస్య ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని పిల్లవాడు మా తరగతుల్లో లేడు, ఉండకూడదు కూడా. ఆయన ప్రాణం ఇచ్చింది మన్యం కోసమే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయని పిల్లలు చెప్తారు. ఆ పోరాటంలో గాం గంటం దొర, గాం మల్లు దొర ఎవరని అడిగితే తరగతి నిశ్శబ్దం. వాళ్లకు అన్నం వండి పంపిన ఊళ్ల పేర్లు, దారి చూపి నోరు విప్పని మనుషుల పేర్లు అడిగితే మేం టీచర్లం కూడా నిశ్శబ్దమే.

చివరి భాగం దగ్గర మేం చిక్కుకున్నాం. పుస్తకాల్లో 21వ ఫాంటమ్‌కు, డయానాకు 1977లో పెళ్లయింది, తర్వాత కవలలు పుట్టారు. కొడుకు కిట్, కూతురు హెలోయిస్. మా చివరి భాగంలో వాళ్లతో కలిసి ఆడుకునే ఒక బండార్ పిల్ల ఉంటుంది. తొమ్మిదేళ్లు ఉంటాయేమో. రహస్యం ఆ పిల్లకు అప్పుడే చెప్పారు. ఇక మీదట చచ్చేదాకా దాచాలి. ఆ పిల్ల గురాన్ దగ్గరికి వచ్చి అడుగుతుంది: "తాతా, ఆయన కొడుక్కి ఆయన పని ఇస్తున్నాడు. మనకు మాత్రం దాచే పని ఎవరిచ్చారు? మనల్ని అడిగారా?"

గురాన్ ఏం చెప్పాలి? తన ముత్తాతలు ఇష్టపడే ఒప్పుకున్నారు, అది స్నేహం, స్నేహంలో లెక్కలుండవు అని చెప్పాలన్నారు మాలో పెద్దాయన. ముత్తాతలు ఒప్పుకుంటే ముత్తాతల వరకే, ప్రతి తరం పిల్లల్ని మళ్లీ అడగాలి, వద్దంటే ఫాంటమ్ ముసుగు తీసి ఊరి మధ్య కూర్చోవాలి అన్నది టీచరమ్మ. ముసుగు తీస్తే దొంగలు ఊరి మీద పడతారు, పిల్ల ప్రశ్న కోసం ఊరిని పణం పెడతామా అని ఇంకొకరు. గురాన్ జవాబు చెప్పకుండా ఆ పిల్లను వెంటబెట్టుకుని గుహలోకి వెళ్లి, ఆ ప్రశ్న ఫాంటమ్‌నే అడగమనాలి అని నాలుగో మనిషి. అప్పటికి మధ్యాహ్నం సెషన్ గంట కొట్టారు. వచ్చే నెల కలిసినప్పుడు మళ్లీ మాట్లాడుకుందామని ప్లేట్లు కడుక్కుని లేచాం.