రాజ్యముల మాట – ప్రజల సమ్మతి

హరిశ్చంద్రుడు ఆడిన మాట తప్పలేదు. విశ్వామిత్రునకు రాజ్యమంతయు ధారవోసి, ఆలుబిడ్డలతో కట్టుబట్టలతో వెడలిపోయినాడు. ఆ సత్యసంధతకు మన జాతి తరతరములుగా చేతులు జోడించుచున్నది. నాటకమున కాటిసీను వచ్చినప్పుడు కన్ను చెమర్చని తెలుగువాడు అరుదు. అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. ఆయన దానమిచ్చిన రాజ్యమునందు కాపురమున్న రైతును, సాలెను, వర్తకుని ఎవరైన అడిగిరా? ఏలిక మారుట వారికి సమ్మతమేనా? ఆ కాలమున రాజు మాటయే రాజ్యము మాట. కావున ఈ ప్రశ్నకు తావు లేకపోయినది. ప్రజలే ప్రభువులమని చెప్పుకొనుచున్న నేటి కాలమున దీనిని తప్పించుకొనుటకు వీలులేదు.

నేడును రాజ్యములు పరస్పరము మాట యిచ్చుకొనుచునే యున్నవి. ఆ మాటలకే సంధులనియు, ఒడంబడికలనియు పేర్లు. సరిహద్దులు, నదీజలములు, వర్తకము, ఔషధములు, కార్మికుల హక్కులు మొదలగువానిలో సంధుల స్పర్శ సోకని విషయము అరుదు. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సంతకములు జరిగిన ఐక్యరాజ్యసమితి అధికారపత్రము ప్రజల పేరనే ఆరంభమగుచున్నది. సంతకములు మాత్రము ప్రభుత్వముల ప్రతినిధులవి. నాడు పరాధీనమై యున్న భారతదేశము పక్షమునను అందు సంతకము పడినది. అయితే ఆ ప్రతినిధులను ఎన్నుకొని పంపినవారు భారతప్రజలు కారు. ప్రజల పేరునకును, ప్రభుత్వముల సంతకమునకును నడుమ గల ఈ యెడమే మన విచారణకు విషయము.

ఇందు రెండు ధర్మములు ఎదురుబడుచున్నవి. ఇచ్చిన మాట నిలుపుకొనుట మొదటిది. ప్రభుత్వము మారినప్పుడెల్ల పాత ఒడంబడికను త్రోసివేయు రాజ్యమును పొరుగువాడు నమ్మడు. నమ్మకము లేనిచోట మిగులునది బలమొక్కటియే. బలహీన దేశములకు సంధియే కవచము. కావుననే 1969 నాటి వియన్నా ఒప్పందము, సంధిని పాటింపకుండుటకు స్వదేశపు చట్టమును సాకుగా చూపరాదని నిర్దేశించినది. మాట యిచ్చువానికి ఆ యధికారము ఉండవలెననుట రెండవ ధర్మము. కురుసభలో ద్రౌపది లేవనెత్తిన ప్రశ్న ఇదియే. తానే ఓడిపోయిన ధర్మరాజునకు భార్యను పణముగా ఒడ్డు హక్కు ఎక్కడిదని ఆమె అడిగినది. పాచికలు ఎట్లు పడినవని కాదు, పందెము కాచిన వానికి అధికారము కలదా లేదా యన్నదే ఆమె సంశయము. ధర్మము సూక్ష్మమని పలికి భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయినాడు. వియన్నా ఒప్పందమున ఈ ప్రశ్నకు కొంత చోటు దొరకినది: సంధి చేయు అధికారమును గూర్చిన మౌలిక నియమము స్పష్టముగా ఉల్లంఘింపబడినచో ఆ సంగతిని రాజ్యము చెప్పుకొనవచ్చునని అందొక మినహాయింపు కలదు.

దృష్టాంతమునకు మనము దూరము పోనక్కరలేదు. గోదావరి ఒడ్డున ఆంధ్రభూమి నడుమ నున్న యానాము చిన్న పట్టణమే. అయినను దాని కథలో పెద్ద పాఠము కలదు. ఆంగ్లేయులు 1947లో వెడలిపోయినను ఫ్రెంచివారి ఏలుబడిలో పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము, చంద్రనగరము మిగిలినవి. 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగము ప్రకారము, అచటి జనుల సమ్మతి లేనిదే ఏ భూభాగమును పరరాజ్యమునకు ఇచ్చివేయుట చెల్లదు. 1949 జూన్ 19న చంద్రనగరమున ప్రజలు నేరుగా ఓటు వేసి, అత్యధిక సంఖ్యతో భారతదేశమునే కోరుకొనిరి. తక్కిన నాలుగింటి దారి వేరైనది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విలీనవాదులు యానామును కైవసము చేసికొనిరి. ఆ పిదప అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపమున కీళూరు గ్రామములో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమైరి. వారిలో 170 మంది విలీనమునకు అనుకూలముగను, 8 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. నవంబరు 1న పరిపాలన భారతప్రభుత్వము చేతికి వచ్చినది.

ఇంతటితో కథ ముగియలేదు. విలీనసంధిపై 1956 మే 28న సంతకములైనను, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదము లభించి, ధ్రువపత్రములు చేతులు మారి, 1962 ఆగస్టు 16న గాని అది చట్టరీత్యా అమలులోనికి రాలేదు. వాస్తవమునకును చట్టమునకును నడుమ ఇంచుమించు ఎనిమిదేండ్లు గడచినవి. ఈ జాప్యము వ్యర్థమని పలువురకు తోచవచ్చును. కాని సంధిలోని నిబంధనలను చూడుడు. ఈ ప్రాంతముల ప్రత్యేక పరిపాలనాస్థితిలో ఏ మార్పు చేయదలచినను ప్రజాభిప్రాయమును తెలిసికొనిన పిదపనే చేయవలెనని యొక నిబంధన. ఎన్నికైన ప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండునని మరియొకటి. ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనగోరువారు ఆరు నెలలలోపల ఆ సంగతి ప్రకటించుకొనవచ్చునని ఇంకొకటి. నేటికిని పుదుచ్చేరిలో ఫ్రాన్సు ఎన్నికలకు ఓటు వేయువారు ఉండుట దాని ఫలమే. ఓడిన పక్షమువారికి సైతము ఈ సంధి ఒక త్రోవ చూపినది. పటము చూచి నిర్ణయించువాడు యానామును చుట్టునున్న జిల్లాలో కలిపివేయును. అట్లు జరుగలేదు. 1963 నాటి చట్టముతో ఏర్పడిన పుదుచ్చేరి శాసనసభలో యానామునకు ఒక స్థానము దక్కినది. 1965 నాటి అధికారభాషా చట్టమున యానామునకు తెలుగు గుర్తింపబడినది.

కీళూరులో ఓటు వేసినది ప్రతినిధులే గాని ప్రతి పౌరుడును కాదన్న విమర్శ ఉన్నది. అది త్రోసివేయదగినది కాదు. చంద్రనగరపు పద్ధతియే ఉత్తమము. అయినను అడుగుట యన్న నియమమొకటి ఉన్నందువలననే సంధి ఇంత మనుష్యస్పర్శ గలదిగా రూపొందినదని నా తలంపు.

దీనికి ప్రక్కగా బేరుబారి వ్యవహారమును ఉంచి చూడవలెను. 1958 సెప్టెంబరులో నెహ్రూ, పాకిస్తాను ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ చేసికొనిన ఒప్పందము ప్రకారము పశ్చిమ బెంగాలులోని బేరుబారి యూనియన్‌లో సగము పాకిస్తానునకు పోవలసి యుండెను. ఉభయదేశముల మైత్రికి అది మేలని ప్రధాని భావించెను. ఆయన సదుద్దేశమును శంకింపనక్కరలేదు. కాని బెంగాలులో తీవ్ర నిరసన చెలరేగినది. రాష్ట్రపతి సలహా కోరగా, 1960 మార్చి 14న సుప్రీంకోర్టు తన అభిప్రాయమును తెలిపినది: దేశపు భూభాగమును పరులకిచ్చుట కేవలము ప్రభుత్వపు ఒప్పందముతో నెరవేరునది కాదు, దానికి రాజ్యాంగ సవరణ కావలెను. ద్రౌపది ప్రశ్నకు ఒక న్యాయస్థానము సూటిగా ఇచ్చిన సమాధానముగా నేను దీనిని భావింతును. ఆ యేడే తొమ్మిదవ సవరణ ఆమోదింపబడినది. పిదప వ్యాజ్యములు నడచినవి, యుద్ధము వచ్చినది, బంగ్లాదేశ్ ఆవిర్భవించినది. తుదకు 1974 నాటి క్రొత్త ఒప్పందముతో బేరుబారి భారతదేశముననే నిలిచినది.

అయితే ఆ 1974 ఒప్పందమునకు రెండవ ముఖము కలదు. సరిహద్దునకు ఆవల భారతదేశపు తునుకలు 111, ఈవల బంగ్లాదేశపు తునుకలు 51 చిక్కుకొని యుండెను. వీనిని పరస్పరము మార్చుకొనవలెనని 1974లోనే ఒప్పుకొనిరి. బంగ్లాదేశ్ ఆ యేడే దానిని ధ్రువీకరించినది. మనవైపున రాజ్యాంగ సవరణ 2015 వరకు రాలేదు. నూరవ సవరణ ఆమోదమైన పిదప ఆ జూలై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగినది. ఈ నలుబదియొక్క యేండ్లును ఆ తునుకలలోని జనులకు బడి, ఆసుపత్రి, ఠాణా, ఓటు అన్నియు అందని పండ్లే. 2011 నాటి ఉమ్మడి లెక్కలో వారు సుమారు 51,000 మంది. సమ్మతి యను నియమము రాజకీయపు జాగుకు ముసుగు కాగలదని ఇది చాటుచున్నది. సమ్మతి తెలుపవలసినవారు ఢిల్లీలో నుండిరి. కష్టము పడువారు తునుకలలో నుండిరి. తుదకు పౌరసత్వమును ఎంచుకొను హక్కు వారికి లభించినది, అదియైనను మేలే. కాని ముందు అడుగవలసినవారిని తుదిలో అడిగిరి.

భూమిని గూర్చి మాత్రమే ఈ ప్రశ్న వచ్చుననుకొనరాదు. 1970 నాటి మన పేటెంటు చట్టము మందు తయారుచేయు విధానమునకే హక్కునిచ్చెడిది, మందునకు కాదు. అందువలన మన దేశపు కంపెనీలు, వానిలో హైదరాబాదువి పెక్కు, చవుకగా మందులు తయారుచేయగలిగినవి. 1995 జనవరి 1 నుండి ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యులమైనందున, 2005లో మందునకే పేటెంటు ఇచ్చునట్లు చట్టమును మార్చవలసి వచ్చినది. సంతకము నాడు దేశమంతట సాగవలసిన చర్చ, చట్టము మార్చునాడు పార్లమెంటులో సాగినది. ఆలస్యమైనను అది నిష్ఫలము కాలేదు. తెలిసిన పదార్థమునే గుణమేమియు హెచ్చకుండ రూపము మార్చి పేటెంటు కోరరాదన్న నిబంధన బలపడినది. దాని ఆధారముననే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీ వారి క్యాన్సరు మందునకు పేటెంటు నిరాకరించినది. మాటను మీరకయే ప్రజల మేలును కాపాడుకొను దారి ఉండునని, ఆ దారి వెదకునది చర్చయేనని ఇందువలన తేలుచున్నది.

ఇట్లనుటచే ప్రజల సమ్మతి యనగా అధికసంఖ్యాకుల యిష్టమని భ్రమపడరాదు. స్త్రీలపై వివక్షను తొలగించు అంతర్జాతీయ ఒప్పందమును మన దేశము 1993లో ధ్రువీకరించినది. పనిచోట వారి గౌరవమును కాపాడు చట్టము మాత్రము లేదు. 1997లో విశాఖ అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ ఒప్పందమునే ఆధారముగా గొని నియమములు ఏర్పరచినది. పార్లమెంటు చట్టము 2013లో గాని రాలేదు. శాసనసభలు మరచిన బలహీనులకు పరదేశమున చేసిన సంతకమే దిక్కైన సందర్భమిది. కావున సంధి ప్రజాస్వామ్యమునకు శత్రువు కాదు. అడుగవలసినది ఒక్కటే: ఈ మాట వలన ఎవరి బ్రతుకు మారును? వారి గొంతు ఎచటనైన వినబడినదా?

ఆంధ్రదేశమునకు వెలుపల నివసించు మనవంటి వారికి ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడును, 1953, 1956 సంవత్సరములలో రాష్ట్రములు విభజింపబడినప్పుడును మనలో పలువురి తాతలు తమ గడప దాటలేదు. గీతలే వారిని దాటిపోయినవి. అవి దేశములోపలి గీతలు గనుక వ్యవహారము సుగమమైనది. భాష, బడి, ఉద్యోగముల చిక్కులు మాత్రము మనకు మిగిలినవి. గీత గీయువాడు పటమును చూచును. గీత క్రింద నున్నవాడు తన పిల్లవాని పలకను చూచును. ఈ రెండు చూపులను కలుపునదే చట్టము చేయవలసిన పని.

మన రాజ్యాంగము యేబదియొకటవ అధికరణమున సంధులను గౌరవింపుమన్నది. రెండు వందల యేబదిమూడవ అధికరణమున వానిని అమలుపరచు చట్టములు చేయు అధికారమును పార్లమెంటుకిచ్చినది. సంధి చేయుటకు ముందే పార్లమెంటు అనుమతి కావలెనను సామాన్య చట్టము మాత్రము ఇంకను రాలేదు. చట్టము చేయుటకు అధికారము లేక కాదు. కేంద్రజాబితాలో సంధుల విషయము స్పష్టముగా ఉన్నది. ధ్రువీకరణకు ముందు సంధి పాఠమును సభలో ఉంచుట, సంబంధించిన రాష్ట్రముల అభిప్రాయమును తీసికొనుట, ఇల్లు వాకిలి కోల్పోవువారిని నేరుగా అడుగుట, ఆ యడుగుటకు ఒక గడువు నిర్ణయించుట అను నాలుగు నియమములు ఆ చట్టమున ఉండదగును. గడువు లేనిచో తునుకల జనుల గతి మరల పట్టును. అడుగుట లేనిచో హరిశ్చంద్రుని ప్రజల గతి పట్టును.

హరిశ్చంద్రుని మనము తక్కువ చేయనక్కరలేదు. ఆయన తన మాటకు మూల్యమును తానే చెల్లించినాడు, కాటికాపరియై నిలిచినాడు. నేటి సంధులకు సంతకము చేయువారు ఆ మూల్యము చెల్లించుట అరుదు. చెల్లించువారు ఎక్కడో సరిహద్దు గ్రామముననో, మందుల దుకాణము ముందు వరుసలోనో ఉందురు. అందుచేతనే వారిని ముందుగా అడుగవలెనని కోరుట న్యాయము.