బడి దినములు – ఉపాధ్యాయుని భారము

నిర్గమకాండము 18:13–23



వేసవి సెలవులు తగ్గించి బడి దినములు పెంచవలెనని కొందరు తలిదండ్రులు మాతో చెప్పుచున్నారు. వారి మాట న్యాయమే. ఆ సెలవులలో కూలివారి బిడ్డలు నేర్చిన అక్షరములు మరచిపోవుచున్నారు.

అయితే ఉపాధ్యాయుని తట్టును చూడవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 5వ తరగతి వరకు ఏటికి 200, 6 నుండి 8 వరకు 220 పని దినములు విధించినది. పాఠము సిద్ధపరచుకొనుటతో కూడ ఉపాధ్యాయునికి వారమునకు కనీసము 45 గంటల పని. జనాభా లెక్కలు, ఎన్నికల పనులు అదనము.

మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా, అతడును ప్రజలును నలిగిపోవుదురని యిత్రో హెచ్చరించెను. ప్రజల అక్కరను ఆయన కొట్టివేయలేదు, భారమును పంచుమనెను. అలసిపోయిన గురువు, దినములు పెరిగినను, బిడ్డకు ఏమి ఇయ్యగలడు?

ఈ విషయములో మేమును నిర్దోషులము కాము. సండేస్కూలు, సంఘపు లెక్కలు, క్రిస్మస్ నాటకము అన్నియు ఉపాధ్యాయునికే అప్పగించితిమి. ఇకమీదట వాటిని మనమందరము పంచుకొందము. చదువుకొన్న యౌవనస్థులు వేసవిలో దినమునకొక గంట గుడిలో పిల్లలను చదివించుదురు గాక. అప్పుడే దినములు పెంచుమని అడుగుటకు మనకు నోరుండును.

ప్రభువు మన బిడ్డలకు విద్యను, గురువులకు విశ్రాంతిని దయచేయును గాక. ఆమేన్.