పట్టా మీది నంబరు

అమ్మడూ,

మొన్న ఆదివారం నువ్వు పెసరట్టు సగంలో వదిలేసి లేచిపోయావు. మీ అత్తయ్య ఇంకా ఆ మాటే అంటోంది. మూడేళ్లు స్లాగ్ కాంక్రీటు పరీక్షలు చేసి, ఏ క్యూబు ఎంత లోడుకి పగిలిందో ఆ లెక్కలన్నీ ఎవరైనా తీసుకునేలా నెట్‌లో పెట్టావు. ప్రమోషన్ దగ్గర దానికి ఒక్క మార్కూ పడలేదు. "ఇక నా డేటా నా బీరువాలోనే మావయ్యా" అన్నావు. కోపంలో ఉన్నావని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు విను.

రైల్ మిల్లులో నా జీవితం గడిచింది. భిలాయ్ రైలు పట్టా నడుం మీద హీట్ నంబరు, అంటే ఆ ఉక్కు ఏ విడతలో కరిగిందో చెప్పే నంబరు, ఉంటుంది, చూశావు కదా. ఏళ్ల తర్వాత ఎక్కడో ఆ పట్టా విరిగిందనుకో, ఆ నంబరు పట్టుకుని వెనక్కి వస్తారు. ఆ హీట్‌లో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, అన్నీ తీస్తారు. ఎవరినో ఉరి తీయడానికి కాదు, అదే హీట్‌లో పుట్టిన మిగతా పట్టాలు ఎక్కడున్నాయో వెతకడానికి. డేటా చూపించని పరిశోధన పేపరు నా లెక్కలో నంబరు లేని పట్టా. విరిగితే ఎందుకు విరిగిందో ఎవరూ చెప్పలేరు.

అయితే ఆ నంబరు కొట్టే మనిషికి జీతం ఉండేది. దేశసేవ అనుకుని ఊరికే కొట్టమని అతన్ని ఎవరూ అడగలేదు. అందుకే నీ గోడు న్యాయమైందే అంటాను.

2018 నాటి యూజీసీ మార్కుల పట్టిక నువ్వే చూపించావు. సైన్సు పేపరుకు 8, స్వదేశీ పేటెంటుకు 7, విదేశీ పేటెంటుకు 10. డేటా పంచినందుకు గడే లేదు. పేపర్లే తూస్తే పేపర్లే పండుతాయి, వాటికి దుకాణాలూ వెలుస్తాయి. మన హైదరాబాద్ నుంచి వందల పత్రికలు నడిపిన ఒక సంస్థను, సమీక్ష విషయంలో రచయితల్ని మోసగించిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

ఇప్పుడు నిన్ను ప్రమోషన్ నియమాల కమిటీలో వేశారు కదా. అక్కడ "డేటాకీ 5 మార్కులు వేయండి" అని మాత్రం అడగకు. మరుసటేడు అందరూ ఊక మూటగట్టి తెస్తారు. ఒక్కొక్కరు తమ మంచి పనులు నాలుగే తెచ్చి, అవి ఎవరికి ఎలా ఉపయోగపడ్డాయో రాయాలని, కమిటీ వాటిని కూర్చుని చదవాలని అడుగు. చదవడానికి తీరిక లేదంటారు, తెలుసు. తీరిక లేనివాళ్లకి కమిటీలో కుర్చీ ఎందుకు? 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పేదీ దాదాపు ఇదే: పత్రిక పేరు చూసి మనిషిని తూచవద్దు, డేటానీ సాఫ్ట్‌వేర్‌నీ కూడా పనిగానే లెక్కించండి అని. నందిని రోడ్డులో పేవర్ బ్లాకులు పోసే కుర్రాడు నీ లెక్కలు చూసి ఫోన్ చేశాడన్నావు. ఆ సంగతి ఫైల్లో రాశావా? రాసి ఉండవు, నీకు సిగ్గు.

ఖర్చు మాటా ఎవరో ఎత్తుతారు. అందరికీ తెరిచి పెట్టడమంటే లక్షలు పోసి పత్రికకు కట్టడం కాదు. మన భిలాయ్ లాంటి ఉక్కు ఊరే రూర్కెలా. అక్కడి ఎన్‌ఐటీ, దేశంలో అందరికంటే ముందు, 2006లోనే తమ వాళ్ల పేపర్ల ప్రతులు సొంత ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలని నియమం చేసింది. ఇప్పుడేమో విద్యాసంస్థల వాళ్లు పత్రికలు చదవడానికే మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేంద్రం పెడుతోంది. మన వాళ్లు రాసిందీ అందులో ఉంటుంది, చిత్రం కాదూ! అంత పెట్టినా ఆ పేవర్ బ్లాకుల కుర్రాడికి ఆ తలుపు తెరుచుకోదు.

ఇంకొక్క మాట, ఇది నీ మీదే. మూడేళ్లు ఆ క్యూబులు మోసి, మెషీన్‌లో పెట్టి పగలగొట్టిన ల్యాబ్ అసిస్టెంటు పేరు నీ డేటాలో ఎక్కడా కనిపించలేదు, నేను వెతికాను. నంబరు కొట్టే మనిషి అతనే. కమిటీకి వెళ్లే ముందు ఆ పేరు చేర్చు.

ఆదివారం మీ అత్తయ్య మళ్లీ పెసరట్లే వేస్తానంటోంది. నియమాల చిత్తుప్రతి పట్టుకురా. కళ్లద్దాలు కొత్తవి చేయించాను, చదవగలను.