దోసిటిలోని చేప

పాడేరు కొండల నడుమనుండి పెదబయలు, ముంచింగిపుట్టు సీమలకు సాగి వచ్చు ఏటిని అచటివారు మత్స్యగెడ్డ అందురు. ఎగువన హుకుంపేట మండలములో ఆ ఏటియందే మత్స్యగుండ మను మడుగు కలదు. అందలి చేపలను ఎవరును పట్టరు. వానిని కాపాడునది కంచె కాదు, భక్తి. అచట వెలసినది మత్స్యలింగేశ్వరుడు. అయినను మత్స్యరూపుడగు హరిని కొలుచు వైష్ణవులకు ఆ నియమము పరాయిది కాదు.

అడవియందును నీటియందును ఇట్టి శ్రద్ధ విశ్వవిద్యాలయ విద్యార్థులకు కలుగు టెట్లు? ప్రయత్నము జరుగలేదని అనరాదు. 1969లో, గాంధీ శతజయంతి వత్సరమున, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో మొదలైనది. పర్యావరణ విద్యను అన్ని తరగతులలో నేర్పవలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. పాఠము వచ్చినది, పరీక్ష వచ్చినది. శ్రద్ధ వచ్చినదా?

భాగవతము అష్టమ స్కంధములో సత్యవ్రతుని కథ కలదు. ఆ రాజర్షి కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి ఒక చిన్న చేప వచ్చెను. ఆయన దానిని నీటితోపాటు నదిలో విడిచెను! ఈ సంగతిని పౌరాణికులు త్వరగా దాటిపోవుదురు గాని, నిలిచి చూడదగినది ఇదియే. అంతటివాడును మొదట విడిచినాడు. పెద్ద చేపలు తన్ను మ్రింగునని అది మొరపెట్టుకొనిన పిదపనే కలశములో ఉంచెను. రాత్రికి రాత్రి కలశము చాలలేదు, పెద్ద పాత్ర చాలలేదు, సరస్సు చాలలేదు. సముద్రమున విడువబోవు వేళ గాని "నీ వెవరవు?" అని ఆయన అడుగలేదు. రక్షణ ముందు, తత్త్వజ్ఞానము వెనుక.

నేటి బోధన క్రమము దీనికి విపరీతము. సముద్రమట్టము, భూతాపము మొదట చెప్పబడును. దోసిలి మాత్రము ఖాళీ. ఏడు దినముల శిబిరములో విద్యార్థి మొక్క నాటును, ఛాయాచిత్రము తీయించుకొనును, వెడలిపోవును. చైత్రపు టెండలో దానికి నీరు పోయు వారెవరు? తప్పు కుఱ్ఱవానిది కాదు. మరల రమ్మని వానితో ఎవరును చెప్పలేదు.

ముంచింగిపుట్టు కొండలలో ఒక ఊటను ఒక విద్యార్థి బృందమునకు అప్పగించి చూడవలెను. నెలనెలా కడవ నిండుటకు ఎంత సేపు పట్టునో వారు వ్రాసికొందురు. ఊటకు పైనున్న చెట్లలో ఏవి కొట్టరాదో గిరిజన వృద్ధులు చెప్పుదురు. అచట గురుస్థానము వారిదే. చదువు ముగించి వెడలువారు ఆ పుస్తకమును క్రొత్తవారి చేతిలో పెట్టుదురు.

ఊట గెడ్డలో కలియును. గెడ్డ జోలాపుట్టు జలాశయమును చేరును. దానికి దిగువన 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రపు దీపముల క్రింద మైదానమువారెందరో చదువుకొనిరి. జలాశయమున మునిగిన పల్లెల పేర్లు వారికి తెలియవు. ఆ నీరే సీలేరై, శబరిలో కలిసి, కూనవరము వద్ద గోదావరిని చేరి, సముద్రమునకు పోవును.