దీవించినవాని పూచీ

ఐర్లాండు దేశమందు పెండ్లి విందులో ఒకరు లేచి, చేతిలోని పాత్ర పైకెత్తి, వధూవరులకు మేలు కోరుచు నాలుగు మాటలు పలుకుదురు. కూడినవారందరు "స్లాంచ" అని బదులు చెప్పి త్రాగుదురు. ఆ మాటకు ఆరోగ్యమని అర్థము. ఆరోగ్యము కోరుచు మద్యము త్రాగుటేమని మనము నవ్వవచ్చును. ఆ సంగతి ఆ దేశస్థులకును తోచకపోలేదు. 1838లో కార్కు పట్టణమున ఫాదర్ మాథ్యూ అను గురువు మద్యము ముట్టమని ప్రమాణము చేయించుట మొదలిడగా లక్షలమంది ఆయన వెంట నడిచిరి. మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై లేచిరి గదా. పాత్ర సంగతి ఇక చాలును. నేను విచారింపగోరునది ఆ మాటలను గూర్చియే.

అట్టి మాటలు మనకును కొదువ లేదు. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో పెద్దలు "నిండు నూరేళ్ళు చల్లగా బ్రతకండి, పిల్లాపాపలతో పాడిపంటలతో తులతూగండి" అని నాలుగు పువ్వులు చల్లి భోజనమునకు పోవుదురు. ప్రియ చదువరీ, అట్లు పలికినవాడు ఆ దీవెనకు ఏమైన పూచీ పడినట్టేనా?

పాడిపంటలనిచ్చువాడు దేవుడు, మనము అడుగువారమే అందురు. నిజమే. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను పట్టినప్పుడు ఏ పెద్ద దీవెనయు దానిని ఆపలేదు. ఎందరో రైతులు కాపునకు రాకముందే మొక్కలు పెరికివేసిరి. దీవించిన ప్రతివానిని నష్టమునకు బాధ్యుని చేసినయెడల ఇక పెండ్లిలో నోరు తెరచువాడెవడు?

అయితే రూతు గ్రంథము చదివితిని గనుక ఈ జవాబుతో నాకు తృప్తి కలుగలేదు. బోయజు పొలమునకు వచ్చుచునే కోతవారిని దేవుని పేర పలుకరించెను; వారును ఆయనను దీవించిరి (2:4). కూలివారికి ఆసామి దీవెన, ఆసామికి కూలివారి దీవెన! మన మిరప కోతలలో ఇది ఎన్ని చేలలో వినబడును? పిమ్మట అతడు పరదేశియైన రూతును చూచి, దేవుని రెక్కల చాటున చేరినదానవు గనుక ఆయన నీకు ప్రతిఫలమిచ్చునుగాక అని దీవించెను (2:12). మంచి మాటయే, ఖర్చు లేని మాట. కాని కొన్ని వారములకు ఆ రూతే కళ్ళములో అతని పాదములయొద్దకు వచ్చి, నీ కొంగు నామీద కప్పుమని అడిగెను (3:9). హెబ్రీ భాషలో రెక్కకును కొంగునకును మాట ఒక్కటే, కానాఫ్. దేవుని రెక్క అని పలికితివి, ఇప్పుడు నీ రెక్క చాపుము అని ఆమె అడిగినట్లయినది. మన తెలుగు బైబిలులో ఒకచోట రెక్కలని, ఒకచోట కొంగని ఉండుటచేత ఆ సూటి మనకు తగులదు.

బోయజు ఆ కొంగు కప్పెను. గర్భఫలము మాత్రము దేవుడే ఇచ్చెనని వ్రాయబడియున్నది (4:13). పూచీకి హద్దు ఇక్కడనే నాకు కనబడుచున్నది. వానయు బిడ్డయు దీవించినవాని చేతిలో లేవు, కొంగు అతని చేతిలోనే యున్నది. బట్టయు కూడును లేనివానికి ఏమియు ఇయ్యక చల్లగా పొమ్మనుట నిష్‌ప్రయోజనమని యాకోబు (2:15-16) గద్దించుటయు ఇందుకే. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు జనులను దీవించి పంపివేయలేదు. బకింగుహాము కాలువలో సుమారు 3½ మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని వారికి కూలి దొరకునట్లు చేసిరి. కూటికొరకు సంఘములో చేరుదురేమోయని ఆ దినములలో బాప్తిస్మములు సహితము ఆపిరి.

బేత్లెహేము గుమ్మమునొద్ద పెద్దలు మొదట తాము సాక్షులమని ఒప్పుకొని, ఆ తరువాతనే దీవించిరి (4:11). 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మన పెండ్లి రిజిస్టరులోను సాక్షులు సంతకము చేయవలెను. కొన్ని ఊళ్ళలో ఆ సంతకము చేసిన పెద్దయే పెండ్లికొడుకునకు పొలము కౌలుకిచ్చిన ఆసామి. మిరప ఎండి టిక్కీలు గుంటూరు యార్డుకు పోవు దినములలో ఆయన ఇంటి అరుగుమీద లెక్కలు జరుగును. పంట పోయిన యేట ఆ చిన్నవాడు అక్కడికి వచ్చును. కౌలులో కొంత తగ్గించుమని అడుగుటకు వచ్చును.